దాచుకున్న పేజీ

ఫోన్‌లో వచ్చే చెత్తంతా నమ్మకుండా మా బావని మార్చాలన్నది నా పంతం. పొద్దున లేస్తే చాలు, ఏదో ఆకు నమిలితే మోకాళ్ల నొప్పులు పోతాయనో, ఫలానా నూనె రాస్తే జుట్టు మొలుస్తుందనో నాకు పంపేవాడు. ఆ నూనె పనితనం ఆయన నెత్తి చూస్తేనే తెలిసిపోతుంది. నేను పనిచేసేది లైబ్రరీలో. ఇంటర్నెట్‌లో దొరికేదాంట్లో ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో జనానికి పాఠం చెప్పడం నా ఉద్యోగంలో భాగం. అలాంటిది సొంత బావే ఇలా తయారైతే నాకు తల కొట్టేసినట్టుండేది.

అందుకే ఆయన ఫోన్‌లో ఒక సైట్ పెట్టించాను. పనికొచ్చే లింకుల్ని అందరూ అక్కడ దాచుకుంటారు. ఎవరు ఏం దాచుకున్నారో మిగతావాళ్లకీ కనిపిస్తుంది. ఎవడో పంపింది కాకుండా, తెలిసినవాళ్లు దాచుకున్నవి చూసి చదవమన్నాను. "సరే పంతులమ్మా" అని బుద్ధిగా తలూపాడు. నన్ను ఆయన పిలిచే పేరే అది.

అక్కకి కంట్లో ఒత్తిడి ఎక్కువ. రోజూ చుక్కలు వేసుకోవాలి. మానేస్తే చూపు అంచుల నుంచి తరిగిపోతుంది. నొప్పి ఉండదు కాబట్టి తెలియను కూడా తెలియదు. వేసినప్పుడల్లా ఆ చుక్కలు భగ్గున మండేవి. వేసేది బావే. ఆమె పళ్లు బిగబట్టి ఓర్చుకుంటే ఈయన కళ్లలో నీళ్లు తిరిగేవి.

ఆ మధ్య క్లాసులో చూపించడానికి ఒక దొంగ పేజీ వెతికి తెచ్చాను. కంటి చుక్కలు విషమనీ, అవి మానేసి కళ్లు గుండ్రంగా తిప్పుతూ ఉంటే ఒత్తిడి దానంతటదే దిగుతుందనీ అందులో ఉంది. రాసినవాడి పేరు లేదు. కింద ఆ వ్యాయామం పాఠాలే అమ్మకానికి పెట్టి ఉన్నాయి. అందరూ ఆ పేజీని అదే సైట్‌లో దాచుకుని, ఎందుకు నమ్మకూడదో దాని కింద రాయమన్నాను. ముందుగా నేనే దాచుకుని రాశాను. తర్వాత ఒక్కొక్కరూ దాన్ని ఏకిపారేశారు. నాకు భలే గర్వమేసింది.

ఆ రాతలు చూడాలంటే పక్కనున్న చిన్న గుర్తు నొక్కాలి. నొక్కకపోతే కనిపించేది పేజీ పేరు, దాచుకున్నవాళ్ల పేర్లు, అంతే. ఎక్కువమంది దాచుకున్న పేజీ పైకి వస్తుంది.

కొన్ని నెలలు పోయాక, అక్క ఇంట్లో తలుపు రెక్కలకి గుద్దుకుంటోందని చూసి నేనే ఇద్దర్నీ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. పరీక్షలన్నీ అయ్యాక, చుక్కలు మానేశారా అని ఆవిడ అడిగింది. బావ ఏమీ దాచకుండా అవునన్నాడు. ఎందుకో చెప్పడానికి ఫోన్ తీసి చూపించాడు కూడా. అన్నిటికంటే పైన ఆ పేజీ. దాని పక్కన మొదటి పేరు నాది.

"నువ్వు దాచుకున్నావంటే ఇంక నేను చూడాల్సిందేముంటుంది, పంతులమ్మా?" అన్నాడు.

కోపమొస్తే ఎవరినో ఒకరిని దులిపేయందే నాకు నిద్రపట్టదు. ఇప్పుడు ఎవరిని దులపను? ఆయన నేను చెప్పినట్టే చేశాడు. పోయిన చూపు ఇక రాదనీ, మిగిలింది కాపాడుకోవాలనీ డాక్టరమ్మ చెప్పింది. మంట పుట్టని చుక్కలూ ఉన్నాయట. ఒక్క మాట అడిగి ఉంటే అవే రాసేదాన్ని కదా అంది.

బయట బల్ల మీద కూర్చుని సైట్‌లో నా పేరు తీసేశాను. పేజీ కదల్లేదు. మిగతా పేర్లు ఎవరివి వాళ్లే తీసుకోవాలి. క్లాసు ముగిసి ఎవరి దారిన వాళ్లు పోయారు. సైట్ వాళ్లకి మొరపెట్టుకుంటే, మీ సందేశం అందిందని యంత్రం జవాబిచ్చింది. చూస్తుండగానే ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు ఆ పేజీని కొత్తగా దాచుకున్నారు. ఆగండి అని చెబుదామన్నా వాళ్లెవరో, ఎక్కడుంటారో నాకు తెలియదు.

బావ అక్కని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా పక్కనే కూర్చోబెట్టి, మందుల కోసం వెళ్లాడు. అక్క తిన్నగా ఎదురుగోడ వైపే చూస్తోంది. మా ఇద్దరి భుజాలూ ఆనుకునే ఉన్నాయి. నేనెవరో కొత్త మనిషిననుకుని కాస్త అవతలికి జరిగింది.

"ఏమీ అనుకోకండి," అంది నాతో, "మా చెల్లెలు ఇక్కడే ఎక్కడో ఉండాలి. కాస్త పిలుస్తారా?"