పద్నాలుగో నంబరు గొళ్ళెం

నాన్న పెన్సిలుతో గీసిచ్చిన బొమ్మలో పదమూడు తర్వాత పదిహేను ఉంది.

గీతాంజలి ట్రేసింగ్ కాగితం పక్కకు జరిపి మొదటి నుంచీ వేలు పెట్టి చూసుకుంది. ఒకటి, వెదురు గెడ. రెండు, గెడ జారే గాడి. ఐదు, కిటికీ దగ్గరి కడియం. తొమ్మిది, హ్యాండిల్. పదమూడు, గెడ తోకకు బిగించిన ఇనుప దిమ్మ. ఆ తర్వాత పదిహేను. పద్నాలుగు ఎక్కడా లేదు. ఏమరుపాటున వదిలేశారేమో అనుకుంది మొదట.

నాన్న తిరుమలేష్ ఈ పరాయి దేశంలో, జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో ఎనిమిదేళ్ళుగా మెయింటెనెన్స్ పని చూస్తున్నాడు. సెలవు రోజు దొరికితే చాలు, ఈ గెడ బండి ముందు కూర్చునేవాడు. టాంపినీస్‌లో వాళ్ళుండే ఫ్లాట్ల బ్లాకు పాతది. బట్టలు ఆరెయ్యాలంటే తడి బట్టలన్నీ వెదురు గెడకు గుచ్చి, ఆ గెడను కిటికీలోంచి బయటికి తోసి, గోడకున్న గొట్టంలో దాని మొదలు దూర్చాలి. తడి గెడ బరువు ఇంతా అంతా కాదు. ఒకసారి పదకొండో అంతస్తులో ఉండే పుష్పవల్లి ఆంటీ అలా వంగినప్పుడు కాళ్ళు నేలమీంచి లేచిపోయాయి. గెడను వదలకుండా కిటికీ చట్రాన్ని పట్టుకుని ఎలాగో లోపలికి వచ్చిపడింది గానీ, భుజం మాత్రం ఇప్పటికీ బాగుపడలేదు. అది విన్న రోజే నాన్నకు ఈ ఆలోచన పుట్టింది. మనిషి లోపలే నిలబడి హ్యాండిల్ తిప్పితే గెడ సొరుగులా బయటికి సాగాలి, వెనక్కి తిప్పితే లోపలికి రావాలి.

దానికి పేటెంట్ తీసుకోవాలని ఆయన పట్టుదల. ఇలాంటిది ముందెవరైనా చేశారేమోనని వెతికి, నూరేళ్ళ కిందటి పేటెంట్ కాగితాలు కట్టలు కట్టలుగా ప్రింటు తీసి తెచ్చాడు. అమ్మ వాటిని చిత్తు కాగితాలంది. గీతాంజలికి మాత్రం అవి ప్రాణమైపోయాయి. పదో తరగతి దాకా చోడవరం పక్కన పల్లెలో చదివి, పది నెలల కిందటే ఇక్కడికి వచ్చింది. స్కూల్లో సీటు ఇంకా రాలేదు. ఇంగ్లీషు మాట్లాడాలంటే ముందు మనసులో పదిసార్లు అనుకోవాలి. ఈ బొమ్మలతో మాట్లాడక్కర్లేదు. పాలు పొంగకుండా ఆపే మూత, ఆడవాళ్ళ టోపీ సూది ఎదుటివాళ్ళ కంట్లో గుచ్చుకోకుండా దాని మొనకు తొడుగు, రైల్లో కునుకు తీసేవాళ్ళ గడ్డానికి ఆసరా, మేకుల తలలు కొట్టే మిషను. రోజుకొకటి డైరీలోకి ఎక్కించుకునేది. ఒకసారి నాన్న ఆ డైరీ పేజీ చూసి, "నీ చెయ్యి అచ్చు మిషన్‌లా ఉందే" అన్నాడు. ఇన్నేళ్ళూ ఫోన్‌లో మార్కులు తప్ప ఇంకేమీ అడగని మనిషి నోట ఆ మాట విన్నాక ఆమె రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా సంతోషపడింది. పేటెంట్‌కు పంపే బొమ్మ ఇంకులో ఎక్కించే పని ఆమెకే ఇచ్చింది అందుకే.

ఆ కట్టలోనే 1911 నాటిది ఒకటుంది. ఎవరో ఒకావిడ చేసింది, మూడో అంతస్తు కిటికీలోంచి బట్టల గెడను బయటికి పంపే బండి. గెడ, గాడి, కడియం, హ్యాండిల్, దిమ్మ అన్నీ నాన్న బొమ్మలో ఉన్నవే, నంబర్లతో సహా. కానీ ఆవిడ బొమ్మలో పద్నాలుగు ఉంది. చిటికెన వేలంత గొళ్ళెం. గెడ పూర్తిగా బయటికి సాగాక తన బరువుతో తనే కిందికి వాలి, గెడ తోకను అదిమి పట్టుకుంటుంది.

దాని గురించి ఆవిడ రాసిన మూడు వాక్యాలను గీతాంజలి డిక్షనరీ ముందు పెట్టుకుని, కూడబలుక్కుని, ఎప్పుడో డైరీలో తెలుగులో రాసుకుంది. ఇప్పుడు ఆ పేజీ తీసింది.

"పద్నాలుగో భాగము చిన్నదని వదలరాదు. బట్టలు తడిసి బరువెక్కినప్పుడు గెడ తోక గాడిలోనుండి పైకి లేచును. లేచిన తరువాత ఏమగునో నేను ఎరుగుదును గనుక దీనిని చేర్చితిని."

ఏం ఎరుగునో ఆవిడ రాయలేదు. రాసుకున్న రోజున గీతాంజలి దాన్ని పట్టించుకోలేదు. ఈ రోజు, బుధవారం పట్టపగలు, ఫ్యాను కింద కూర్చుని చదువుతూ ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయింది. నాన్న చేసిన బండిని పుష్పవల్లి ఆంటీ వంటింటి కిటికీకి బిగించి అప్పటికి రెండు రోజులైంది.

నాన్న ఎదుట నిలబడి, ఆయన చేసింది తప్పని నోటితో చెప్పడం తన వల్ల కాదని ఆమెకు తెలుసు. అందుకని గీసింది. పదమూడుకూ పదిహేనుకూ మధ్య, సన్నటి గీతలతో, నాలుకలాంటి ఆ గొళ్ళెం. పక్కన పద్నాలుగు వేసింది.

సాయంత్రం నాన్న వచ్చి బొమ్మ చూశాడు. తల పంకిస్తూ చూస్తున్నవాడల్లా అక్కడికొచ్చి ఆగాడు. కోప్పడలేదు. గీతాంజలి భయపడింది ఆ నెమ్మదికే. సొరుగులోంచి బ్లేడు తీసి, ఇంకు ఆరిన చోట గీకడం మొదలుపెట్టాడు.

"ఇది తెలిసే తీసేశానమ్మా" అన్నాడు గీకుతూనే. "ఆవిడ చేసినట్టే అన్నీ పెడితే పేటెంట్ ఎవరిస్తారు మనకి? ఒక్క తేడా అయినా ఉండాలి కదా. గొళ్ళెం లేకుండా అదే పని జరిగితే, అదే మన కొత్తదనం. నేను పరీక్ష చేశాను. నాలుగు చొక్కాలు వేసి చూశాను. దిమ్మ బరువు చాలు."

తడివా, పొడివా అని అడగాలనుకుంది. నాన్న కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు. బ్లేడు గీకిన చోట చిన్న చిల్లు పడింది.

"లేనివి గియ్యకు. సరేనా? శనివారం పెద్దమనిషి వస్తున్నాడు."

ఆయన చెప్పిన పెద్దమనిషి కొత్త వస్తువులు చేసేవాళ్ళకు దారి చూపే ఒక సంస్థవాడు. శనివారం పదకొండింటికి పుష్పవల్లి ఆంటీ ఇంట్లో బండి పనిచెయ్యడం కళ్ళారా చూస్తానన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె భోజనాల బల్ల అంచున స్కేలు పెట్టింది. లోపలి కొసన నాన్న తాళంచెవి గుత్తి, బయటి కొసన చేతిరుమాలు. స్కేలు కదల్లేదు. రుమాలును కుళాయి కింద తడిపి తెచ్చి మళ్ళీ వేసింది. తాళంచెవులు ఎగిరి గచ్చు మీద పడ్డాయి. వంటింట్లోంచి అమ్మ ఉమ ఏటా చప్పుడని అడిగింది. గీతాంజలి దగ్గరికి వెళ్ళి, గోడకేసి చూస్తూ, ముక్కలు ముక్కలుగా విషయమంతా చెప్పింది. అమ్మ విన్నది. విని, నాన్న ప్లాంటులో ఇంతకన్నా పెద్ద మిషన్లు చూసేవాడని, ఆయనకు తెలియనిది నీకెలా తెలుస్తుందని అంది. మళ్ళీ తనే గొంతు తగ్గించి, "శనివారం కానీ. ఆ తర్వాత నెమ్మదిగా చెబుదాం. ఇప్పుడు ఆయన ఆశ మీద నీళ్ళు చల్లకు" అంది.

శుక్రవారం ఆమె కూరగాయలకు వెళ్ళొస్తూ బ్లాకు వెనక దారిలో తలెత్తి చూసింది. పదకొండో అంతస్తు కిటికీ అగ్గిపెట్టెంత కనిపించింది. సరిగ్గా దాని కిందే జనం నడిచే దారి. ఆ దారిన ఎవరో బిడ్డను బండిలో తోసుకుంటూ పోతున్నారు. గీతాంజలి గోడ వారకు జరిగి పరుగులాంటి నడకతో దాటేసింది.

శనివారం తెల్లవారేసరికి బ్లాకు కింద ఖాళీ జాగాలో మలయ్ పెళ్ళి పందిరి లేచి ఉంది. బిర్యానీ వాసన వాళ్ళిల్లున్న ఎనిమిదో అంతస్తు దాకా వచ్చింది. పదిన్నరకు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెద్దమనిషిని తీసుకురావడానికి రైలు స్టేషనుకు వెళ్ళాడు. అమ్మ గారెలు వేస్తోంది. అప్పుడు ఫోన్ మోగింది. పుష్పవల్లి ఆంటీ.

ఆంటీ మలేసియాలో పుట్టిన తెలుగావిడ. ఆమె మాటల్లో అరవమూ మలయూ కలిసిపోయి ఉంటాయి, మాట చివర ఊరికే ఒక 'లా' తగిలిస్తుంది. గీతాంజలిని ఒక్కసారి పైకి పంపమంది. వెళ్ళి చూస్తే వంటింట్లో గచ్చంతా నీళ్ళు. గెడ మీద రెండు దుప్పట్లు, ఒక మందపాటి బొంత. అన్నీ ధారలు కారుతున్నాయి.

"ఎండిన గుడ్డ వేసి చూపిస్తే ఏం అందం, కన్నా? మీ నాన్న పేరు నిలబడాలి కదా. ఆయనొచ్చేలోగా నేను ఒకసారి తిప్పి చూస్తా."

గీతాంజలి తల అడ్డంగా ఊపింది. ఆంటీ అప్పటికే హ్యాండిల్ వైపు తిరిగింది.

"ఆంటీ" అంది గీతాంజలి. అది ఊపిరిలాగా వచ్చింది, మాటలాగా రాలేదు.

"భయం ఎందుకు లా. మీ నాన్న చేసింది కదా."

ఆ మాటతో గీతాంజలి నోరు పూర్తిగా మూతపడిపోయింది. వద్దనడమంటే నాన్నది తప్పనడం. ఈ ఊళ్ళో, పరాయివాళ్ళ ముందు, ఆయన లేనప్పుడు అనడం. హ్యాండిల్ కిర్రుమంది. గెడ గాడిలో ముందుకు జారింది. కింద నుంచి డప్పుల చప్పుడు మొదలైంది. పెళ్ళికొడుకు ఊరేగింపు కార్ల దగ్గర్నుంచి బయలుదేరింది. వెనక దారి మీదుగానే పందిట్లోకి వెళ్ళాలి. కిటికీలోంచి పచ్చటి పట్టు టోపీలు, బంగారు రంగు గొడుగు, ముందు నడిచే చిన్నపిల్లలు కనిపించారు.

గీతాంజలి చెయ్యగలిగింది ఒక్కటే తోచింది. గెడ తోక దగ్గరికి వెళ్ళి, ఇనుప దిమ్మ మీద రెండు చేతులూ వేసి నిలబడింది.

సగం దాకా ఏమీ కాలేదు. దిమ్మ బుద్ధిగా గాడిలో కూర్చుని ఉంది. తనే పిచ్చిగా భయపడిందేమో అనుకుంది. ఆంటీ నవ్వుతూ ఇంకో నాలుగు చుట్లు తిప్పింది. అప్పుడు అరచేతుల కింద దిమ్మ కదిలింది. కింద నుంచి ఎవరో నెమ్మదిగా తోస్తున్నట్టు. ఆమె నొక్కింది. అది లేచింది. ఒళ్ళు బరువంతా వేసి నొక్కింది. అయినా లేచింది, గాడి అంచు దాటి పైకొచ్చింది. ఇప్పుడు గెడను ఆపేది కిటికీ కడియం ఒక్కటే, ఆ కడియంలోంచి గెడ జారుతోంది. ఆమె దిమ్మను పొట్టకు హత్తుకుని కాళ్ళు గోడకు తన్నిపెట్టింది. మడమలు తడి గచ్చు మీద జారుతున్నాయి. ఆంటీ బయటికి చూస్తూ, డప్పులకు తల ఊపుతూ, ఇంకా తిప్పుతూనే ఉంది.

డప్పులు సరిగ్గా కిటికీ కిందికి వచ్చాయి.

"వెనక్కి తిప్పండి!"

అంత పెద్ద గొంతు తనకుందని ఆమెకు తెలియదు. ఆంటీ ఉలిక్కిపడి తిరిగి చూసింది, ఆమె చెయ్యి హ్యాండిల్ మీద బిగుసుకుపోయింది. వెనక్కి తిప్పబోతే తిరగలేదు. దిమ్మ గాడి తప్పింది కనుక బండి పట్టేసింది. భుజం నొప్పితో ఆంటీ మూలిగింది. గీతాంజలి కళ్ళు మూసుకుంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టసాగింది, బొమ్మలో నంబర్లు పెట్టినట్టే. గెడ ఆమెను వేలెడు, మళ్ళీ వేలెడు కిటికీ వైపు లాగింది.

పదకొండు దగ్గర గుమ్మంలో బూట్ల చప్పుడైంది. పన్నెండు దగ్గర వెనక నుంచి రెండు చేతులు ఆమె చేతుల పక్కన దిమ్మ మీద పడ్డాయి. ఆ చేతుల బలానికి దిమ్మ కిందికి దిగింది, గాడిలో పడింది. నాన్న మోకాలితో దిమ్మను అదిమిపెట్టి, ఒక చేత్తో గెడను పట్టుకుని, ఇంచీ ఇంచీగా లోపలికి లాగాడు. ఆఖరి దుప్పటి కిటికీ దాటి లోపలికి వచ్చేదాకా గీతాంజలి దిమ్మ మీంచి చేతులు తియ్యలేదు.

పెద్దమనిషి ఒక కాలి చెప్పు విడిచి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఈ రోజు చూపించడానికేమీ లేదని, క్షమించమని నాన్న ఆయనకు చెప్పి పంపించాడు. ఆంటీ మూలన స్టూలు మీద కూలబడి, భుజం పట్టుకుని, అమ్మా అమ్మా అని గొణుక్కుంటోంది. కింద డప్పులు పందిట్లోకి వెళ్ళిపోయాయి. అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు.

నాన్న చొక్కా అంతా తడిసిపోయింది. గీతాంజలి వైపు చూడకుండా అడిగాడు.

"తడిస్తే లేస్తుందని ఎప్పట్నించి తెలుసు నీకు?"

"బుధవారం నించి."

"మరి చెప్పలేదేం?"

ఆమె తన అరచేతులు చూసుకుంది. దిమ్మ అంచు కోసుకుని ఎర్రగా రెండు గీతలు.

"గీశాను నాన్నా. మీరు గీకేశారు."

ఆయన ఆ తడి గచ్చు మీదే కూర్చున్నాడు. ఎవరితోనో అన్నట్టు, ప్లాంటులో పొరపాటున తెరుచుకోకుండా రెండు తాళాలు వెయ్యందే ఒక్క వాల్వు కూడా ముట్టనివ్వనని, రోజూ పొద్దున్నే కుర్రాళ్ళను నిలబెట్టి అదే చెప్తానని అన్నాడు. అని, స్క్రూడ్రైవర్ తీసుకుని బండిని గోడ నుంచి ఊడదీశాడు.

పేటెంట్ కాగితాలు వెళ్ళలేదు. రెండు వారాల తర్వాత ఆయన స్టీలు రేకుతో చిటికెన వేలంత గొళ్ళెం కోసి తెచ్చాడు. బల్ల మీద 1911 నాటి బొమ్మ పరిచి, కొలతలు చదవమని కూతుర్ని కూర్చోబెట్టాడు. ఆమె చదివింది, కాస్త గట్టిగానే. బండిని మళ్ళీ ఆంటీ కిటికీకి బిగించి, నీళ్ళు కారే బొంతలు నాలుగు వేసి, కింద దారికి అటూ ఇటూ తాడు కట్టి, అమ్మను కాపలా నిలబెట్టి పరీక్ష చేశారు. గెడ ఆఖరి దాకా సాగగానే గొళ్ళెం టక్కున వాలింది. గెడ కదల్లేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్న ఆంటీ బట్టలు ఆ కిటికీలోంచే బయటికి వస్తాయి. కూరగాయలకు వెళ్ళేటప్పుడు గీతాంజలి ఆగి తలెత్తి చూస్తుంది. గెడ కనిపిస్తుంది, రంగు రంగుల బట్టలు కనిపిస్తాయి. గొళ్ళెం మాత్రం కింద నుంచి కనిపించదు. అది వాలి ఉందని ఆమెకు తెలుసు. అయినా సరే, ఆ కిటికీ కిందుగా పోకుండా బ్లాకు చుట్టూ తిరిగి ముందు దారినే వెళుతుంది.