ఓర్పుకో కొలత

"ఊళ్లోవాళ్ల ఏడుపులన్నీ వింటావు, మా అమ్మ రెండు మాటలు చెప్తే వినడానికి నీకు తీరదా?" అన్నాడు భర్త, చొక్కా ఇస్త్రీ అయిందో లేదో చూడ్డానికి వచ్చి.

ఆమె వింటూనే ఉంది. చెయ్యి ఇస్త్రీపెట్టె మీద, చెవి అత్తగారి వైపు. ఎప్పుడో ఒక పెళ్లిలో తోడికోడలు తనని పలకరించకుండా వెళ్లిపోయిన వైనం అత్తగారు మళ్లీ మొదటినుంచి చెబుతోంది. "ఊ" కొట్టడం ఒక్క క్షణం ఆలస్యమైంది, అంతే. ఆ ఇంట్లో ఎవరి గోడు వాళ్లు ఆమె ముందే వెళ్లబోసుకుంటారు. అత్తగారికి మోకాళ్లు, భర్తకి ఆఫీసులో పైకి రానివ్వని బాసు, ఫోను చేసే ఆడపడుచుకి మొగుడు. "నీకేం వదినా, అదే నీ ఉద్యోగం కదా" అంటుంది ఆడపడుచు. ఉద్యోగమైతే జీతమేదీ అని ఆమె ఎన్నడూ అడగలేదు. అడిగితే మళ్లీ ఆ మాట మీద అందరూ ఎంత నొచ్చుకున్నారో కూడా తనే కూర్చుని వినాలి.

తన్నులు తిని, చెరచబడి, చావు అంచుదాకా వెళ్లి బతికొచ్చిన ఆడవాళ్లకి సాయం చేసే కేంద్రంలో ఆమె కౌన్సెలరు. ఆ కథలు వినీ వినీ కౌన్సెలర్లు ఎంతవరకు తట్టుకుంటున్నారో అక్కడ ఏటా కొలుస్తారు. మార్కులు తగ్గితే సెలవిచ్చి, వాళ్ల కేసులు ఇంకొకరికి అప్పగిస్తారు. ఆమె భయమంతా అదే. నెలల తరబడి గోడకేసి చూస్తూ కూర్చున్న ఒక పిల్ల ఈమధ్యే ఆమె దగ్గర నోరు విప్పింది. ఇప్పుడు వేరే కౌన్సెలరు గదిలోకి పంపితే మళ్లీ మూగబోతుంది.

ఈ ఏడు కొలవడానికి ఒక రీసెర్చి అమ్మాయి వచ్చింది.

"నిద్ర బాగా పడుతోందా మేడమ్?"

"నిద్ర అనేసరికి నీ గొంతు మారిందేం? నువ్వు సరిగ్గా పడుకుంటున్నావా?"

కావాలని అడగలేదు. ఎదుటి మనిషి నోరు తెరిస్తే ఆ మాట వెనక ఏముందో తడమడం ఆమెకి ఊపిరి తీసినంత అలవాటు. అమ్మాయి కళ్లు నిండిపోయాయి. నాన్న ఆస్పత్రిలో ఉన్నాడట, ఇంట్లో చేసే దిక్కు లేదట. చెప్పి, ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "మీ అంత గట్టిమనిషిని నేను చూళ్లేదు మేడమ్" అని లేచింది. కొలవడానికి వచ్చిన మనిషి తేలికపడి వెళ్లింది. మార్కులు మాత్రం నిండుగా వేసింది.

మీటింగులో చప్పట్లు కొట్టారు. "మనావిడ ఉక్కుముక్క!" అన్నారు డైరెక్టరుగారు. ఆ నోటితోనే, మార్కులు తగ్గి సెలవు మీద వెళ్లిన ఇంకో కౌన్సెలరు కేసులన్నీ ఆమెకి అంటగట్టారు. చప్పట్లు కొట్టిన చేతుల్లో ఒక్కటీ సాయానికి లేవలేదు.

ఆ వారంలోనే ఆ పిల్ల ఏదో చెబుతూ చెబుతూ ఆగింది. "విన్నారా మేడమ్?"

"ఊ" అందామె. అది కౌన్సెలరు ఊ కాదు, ఇస్త్రీ చేస్తూ కొట్టే ఊ. ఒక్క ముక్క గుర్తులేదు. పిల్ల ఆమె మొహంలోకి కాసేపు చూసి, మెల్లిగా గోడవైపు తిరిగింది. ఆమె సిగ్గుతో చితికిపోయింది.

"ఆ కొలత తప్పండీ. నేనసలు జవాబులే చెప్పలేదు" అంది డైరెక్టరుగారితో.

"వచ్చిన మంచిపేరు పోగొట్టుకుంటావా అమ్మా? తక్కువొస్తే సెలవే మరి."

ఇంట్లో చెబితే భర్త టీవీ మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "సెలవిస్తే మంచిదేగా! మాట్లాడే మనిషి లేదని అమ్మ ఒకటే బెంగ."

అటు పోయినా వినడమే, ఇటు వచ్చినా వినడమే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మళ్లీ కొలవమని ఆమే కబురు పెడితే, రీసెర్చి అమ్మాయి వచ్చి కూర్చుంది. కళ్లు వాచి ఉన్నాయి. "మీకు కష్టమొస్తే చెప్పుకోడానికి ఎవరైనా ఉన్నారా మేడమ్?"

నాన్నకెలా ఉందమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది. పెదవి కొరికి పట్టుకుంది. ఈలోగా ఫోను మోగింది, అత్తగారు. నొక్కి ఆపేసింది.

"లేరు. రాసుకో. నిద్ర లేదు. మనుషులు మాట్లాడుతుంటే నోరు కదలడమే కనిపిస్తోంది, మాట చెవికెక్కడం లేదు."

అమ్మాయి పెన్ను ఆగింది. "సెలవిచ్చేస్తారు మేడమ్. మీ దగ్గరికొచ్చే ఆ పిల్ల..."

"ఆ రోజు తన మాట నేను వినలేదని ఆ పిల్లకి నేనే చెప్పి, క్షమించమంటాను. ఎవరి దగ్గర మాట్లాడుతుందో, అసలు మాట్లాడుతుందో లేదో తన ఇష్టం." ఆమె ఫోను బోర్లా పెట్టింది. "సెలవిస్తే ఇంట్లో చెప్పను. రోజూ వేళకే బయల్దేరి, నన్నెరగని కౌన్సెలరు ఎవరి దగ్గరికైనా వెళ్లి ఎదుట, చెప్పుకునేవాళ్ల కుర్చీలో కూర్చుంటాను. అది మాత్రం రాయకు."