నాన్న పుటకు ఏ రంగు

రాగి బాన కింద మంట అందుకుంది. కాసేపట్లో నీళ్లు మరుగుతాయి. నాన్న పుట మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.

బందరులో కలంకారీ అచ్చులు వేయడం నా పని. ఊరివాళ్ల దుప్పట్లకూ పరదాలకూ వేసి వేసి విసుగొచ్చి, ఈసారి మా ఇంటివాళ్ల కోసం ఒక గుడ్డ పుస్తకం మొదలుపెట్టాను. మనిషికో పుట. తాతకు తెడ్డు, నాయనమ్మకు చేపల గంప, అమ్మకు పొయ్యి, నాన్నకు పడవ. అచ్చులన్నీ నేనే చెక్కాను. పోయినవాళ్లకు నలుపు, ఉన్నవాళ్లకు ఎరుపు అని నియమం పెట్టిన మహాతల్లినీ నేనే.

నాన్న దివిసీమ ఉప్పెనలో కొట్టుకుపోయాడు. శవం దొరకలేదన్నారు. ఇరవై ఏళ్లయినా అమ్మ బొట్టు తీయలేదు, ఆయనకు కర్మ చేయనివ్వలేదు. ఆమె నమ్మకం గురించి సముద్రం ఒడ్డున ఉన్న పాలకాయతిప్ప ఊరి దాకా చెప్పుకుంటారు. "ఆయనకి నలుపేశావంటే నీ గడప తొక్కను" అని నాకూ తెగేసి చెప్పింది.

నలుపు అచ్చు వేయగానే కనిపిస్తుంది. పటిక నీళ్లతో వేసింది ఎర్రరంగు వేరు కలిపిన బానలో ఉడికాకే ఎర్రగా తేలుతుంది. ఏదైనా ఉడకక ముందే వేయాలి, వేశాక మార్చలేం.

సంగతి తెలిసి అమ్మ తమ్ముడు తాతారావు మావయ్య పొద్దున్నే బస్సు దిగాడు.

"ఇకనైనా ఒప్పుకో అక్కా. బావకి నీళ్లొదలాలా వద్దా?"

బానలోంచి ఆవిరి లేచింది. ఎరుపేస్తే అబద్ధం, నలుపేస్తే అమ్మ నాకు దక్కదు. ఒళ్లు మండిపోయి పడవ అచ్చు ఆమె చేతిలో పెట్టాను.

"నావల్ల కాదమ్మా. నువ్వే వెయ్యి."

అమ్మ చెయ్యి పటిక పళ్లెం వైపు వెళ్లి ఆగింది.

"నలుపు ఉతికినా పోదుగా?"

"పోదు."

అచ్చును నలుపులో ముంచి గుడ్డమీద గట్టిగా అదిమింది. పడవ నల్లగా పడింది.

"మీ బావని చూశాన్రా" అంది అమ్మ. "ఉప్పెన తీశాక, శవాల్ని గట్టుమీద వరసగా పడుకోబెట్టారు. ఈయన మీ ఆయనేనా, పేరేంటి అనడిగారు. మా అత్త నా భుజం పట్టుకునుంది. ఆవిడకి కళ్లు ఆనవు. అప్పటికే ఇద్దరు కొడుకులు పోయారని ఏడుస్తా ఉంది. మూడోవాడూ పోయాడంటే అక్కడే చచ్చిపోద్దని, కాదండీ అన్నా."

"ఆవిడ పోయాకైనా చెప్పొచ్చుగా!" అన్నాను. కోపం ఆగలేదు.

"అప్పటికి నా బొట్టు చూసి జనం దణ్ణాలు పెడుతున్నారే. ఏమని చెప్పను? ఆయన్ని అందరితో పాటు తగలెట్టేశారు. పేరు కూడా లేకుండా."

ఈ మాట మోస్తూ ఇన్నేళ్లు ఆమె ఎలా అన్నం తిన్నదో నాకు తెలియదు. మావయ్య తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"నీళ్లు మరుగుతున్నాయి" అని అమ్మే గుర్తుచేసింది. "కలం తీసుకో. పడవ కింద పేరు రాయి."

కలాన్ని నలుపులో ముంచాను.

మొగుడి పేరు ఏనాడూ నోటితో పలకని అమ్మ, గుడ్డమీదికి వంగి, ఒక్కో అక్షరమూ విడివిడిగా నాకు చెప్పింది.

"నాం... చా... ర... య్య."