మొదటి దెబ్బ

భీమప్ప ఉలి టకటకమంటూనే ఉంది. వికారాబాదు వాళ్లు అడిగిన నాపరాయి మీద ‘ఇన్ లవింగ్ మెమరీ ఆఫ్’ అనే ఇంగ్లీషు వరుస సగం దాకా వచ్చింది. అతని కనురెప్పల మీద కూడా రాతిపొడే. తాండూరులో ఏళ్ల తరబడి పోయినవాళ్ల పేర్లపైన అదే వరుస చెక్కీ చెక్కీ కుడి బొటనవేలు పక్కకు తిరిగిపోయింది. బతికున్నవాడి పేరు మీద ఆ మాట ఎన్నడూ పెట్టలేదని అతనికి భలే గర్వం.

ఎట్లా పెడతాడు? అతనికో పద్ధతి ఉంది. ఆ వరుసకు మొదటి దెబ్బ పోయినవాళ్ల ఇంటివాళ్లే కొట్టాలి. ఎంత పెద్దమనిషి వచ్చినా సరే, వాళ్ల చెయ్యి పడనిదే భీమప్ప ఉలి కదలదు.

ఆ పొద్దున దోమ అనే ఊరి నుంచి సత్యమ్మ, ఆమె కొడుకు హరీష్ వచ్చారు. సత్యమ్మ భర్త బాల్‌రాజ్ గొర్రెలు తోలుకొని కర్ణాటక దిక్కు పోయి, ఏళ్లు గడిచినా తిరిగి రాలేదు. హరీష్ గొర్రెలకు నీళ్లతొట్టి కట్టించాడు. దానికి తండ్రి పేరుతో రాయి పెట్టాలని వాడి కోరిక.

భీమప్ప పైన ఆ ఇంగ్లీషు వరుసకు జాగా ఉంచి పేరు చెక్కాడు. తర్వాత సుత్తె సత్యమ్మ చేతికిచ్చాడు. ఆమె ఎత్తింది. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

“ఆయన పోయింది నేను సూడలేదన్నా. గీ దెబ్బ కొడితే నేనే సంపినట్టయితది,” అంటూ బావురుమంది.

“ఇటియ్యి, నేను కొడత,” అన్నాడు హరీష్.

“నువ్వాగు. మీ అవ్వ ఉండంగ నీ చెయ్యెట్ల పడతది?” అని భీమప్ప కసిరాడు. సత్యమ్మ వైపు తిరిగాడు. “ఫికర్ చెయ్యకు చెల్లె. పైన ఖాళీ ఇడుస్త. నీ మనసు ఒప్పిన్నాడు కబురు పెట్టు, ఉలి పట్టుకొని నేనే దోమకొస్త. ఒప్పకుంటె గట్లనే ఉండనీ. రాయికేం తొందర?”

“బోసిగ కనబడతది కద కాకా?” అన్నాడు హరీష్.

“కనబడనీ. మీ అవ్వ కంటె ఎక్కువనా?”

తల్లీకొడుకులు రాయిని ఆటోలో వేసుకొని వెళ్లిపోయారు. భీమప్ప భార్య బుగ్గమ్మ చాయ్ తెచ్చింది.

“అందరితోటి కొట్టిపిస్తవు. నీ రాయికెవరు కొట్టాలె?”

“ఇంకెవరు, నువ్వే. వంకర కొట్టినవనుకో, లేచొస్త!”

ఇద్దరూ నవ్వుకున్నారు. అతను సగం చెక్కిన రాయికి ఆనుకొని చాయ్ గ్లాసు అందుకున్నాడు. బుగ్గమ్మ గిన్నెలు కడిగి వచ్చేసరికి గ్లాసు చేతిలోనే ఉంది, ప్రాణం లేదు.

భీమప్ప సమాధి రాయిని పక్క షెడ్డు మత్తయ్య చెక్కడానికి కూర్చున్నాడు. ముందు సుత్తె బుగ్గమ్మకిచ్చాడు. ఆమె వెక్కివెక్కి ఏడుస్తూనే కొట్టింది. దెబ్బ తిన్నగా పడింది. ఆమె భీమప్ప ఉలిని కొంగుతో తుడిచి, చూడవచ్చిన సత్యమ్మ చేతిలో పెట్టింది.

“ఆయన నీకు మాటిచ్చిండు చెల్లె. ఎప్పుడు కొడతవో, అసలు కొడతవో లేదో, నీ ఇష్టం. ఉంచుకో.”

ఇప్పుడు దోమలో గొర్రెలు ఆ తొట్టి నీళ్లే తాగుతున్నాయి. బాల్‌రాజ్ పేరు మీద పైవరుస ఇంకా ఖాళీగానే ఉంది. ఆ పక్కనే గోడ సందులో, తడి తగలకుండా పాతగుడ్డలో చుట్టి, భీమప్ప ఉలి ఉంది.