తాడు మీద పేర్లు

పొక్లెయిన్ వచ్చి పడవ మీదికి ఎక్కడం నేను కళ్ళారా చూశాను. అంతకుముందు రోజు వేటకి వెళ్ళొచ్చిన పడవ, అప్పడంలా విరిగిపోయింది. పక్కన పోలీసులు నిలబడి ఉన్నారు. జెట్టీ కంపెనీ మేనేజరు గొడుగు కింద నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. జాలరిపేట తాతల నాటినుంచీ వల లాగుతున్న ఇసుకకి ఆ రోజు కంచె పడుతోంది.

మగవాళ్ళు రాళ్ళు తియ్యలేదు. పెద్దవల తాడు తెచ్చి కంచె గేటుకి అడ్డంగా పట్టుకున్నారు. అప్పలసూరి పదం, అంటే వల లాగే పాట, ఎత్తుకున్నాడు. వల లాగేటప్పుడు పదం చెప్పేవాడు తాడు మీద ఉన్న ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తాడు. పిలిచినవాడు 'ఓ' అని బలం వేస్తాడు. ఎవడూ ఒళ్ళు దాచుకోకుండా ఉండడానికి పెట్టుకున్న పద్ధతి అది. గేటు దగ్గరా అలాగే పిలిచాడు. మొత్తం ముప్పై రెండు పేర్లు. పేర్లు దాచుకుని పాడటం వాళ్ళకి తెలీదు.

దాన్ని నేను రికార్డు చేశాను. నేనూ యుగంధరూ మూడేళ్ళుగా రాజాంలో 'ఉప్పుగాలి' అనే పాడ్‌కాస్ట్ నడుపుతున్నాం. పొందూరు నూలు వడికే ముసలమ్మల మాటలు, చీపురుపల్లి సంతలో ఓట్ల కబుర్లు, తప్పెటగుళ్ళ పాటలు, ఏదీ వదల్లేదు. మాట యుగంధర్‌ది, ఎడిటింగ్ నాది.

ఆ సాయంత్రం అప్పలసూరి భార్య దానమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మీ, పేర్లు బయటికొస్తాయేటి?"

"రావు పిన్నీ. పేర్లు కోసేసి పాట ఒక్కటే ఉంచుతాం."

"సదువుకున్నదానివి. నీ మాటే మాకు కాయితం."

యుగంధర్ పక్కనే కూర్చుని వాళ్ళింట్లో చేపల పులుసు తింటూ తలూపాడు.

పదిరోజులకి, ఆ ఎపిసోడ్ ఇంకా బయటికి రాకముందే, తెల్లారేసరికి పేటలో పోలీసు వ్యాన్లు దిగాయి. కంపెనీ మనుషుల మీద దాడి చేశారని కేసు. ఇంటికొకరి చొప్పున లాక్కెళ్ళారు, అందరికంటే ముందు అప్పలసూరిని. తాతమ్మ అనే ఆమె గుమ్మం ముందు ఆగి, "రాముడెక్కడ?" అన్నారు.

తాతమ్మ వాళ్ళని ఎగాదిగా చూసింది. "నా మొగుడు గంగలో కలిసిపోయి మూడేళ్ళయినాది బాబూ. సముద్రంలోకి దిగి పట్టుకుంటారేటి?"

తాడు పట్టినవాడు చనిపోయినా ఆ వల పనికొచ్చినంతకాలం అతని పేరు పిలుస్తూనే ఉంటారు. ఆ పేరుకి అందరూ కలిసి 'ఓ' అంటారు. అతని వాటా చేపలు ఇంటికి చేరతాయి. ఇది పేటవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు.

దానమ్మ ఫోన్ చేసింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"రాముడి పేరు రేషను కార్డులోంచి కూడా తీసేసినారు. మా తాడు మీద తప్పితే ఇంకెక్కడా నేదు. నువ్వు పట్టుకెళ్ళిన పాటలోంచే పోలీసులు ఏరుకున్నారు. ఇదేనా నీ మాట?"

ఆ రికార్డింగ్ ఉన్నది రెండే చోట్ల: నా కంప్యూటర్లో, యుగంధర్ దగ్గర.

స్టూడియోకి వెళ్ళి అడిగితే అతను దాచలేదు కూడా.

"కంపెనీవాళ్ళు జానపద ఉత్సవానికి కావాలన్నారు, ఇచ్చాను. ఏడాదంతా మనకి వాళ్ళే స్పాన్సర్లు. కేసు పెడతారని నాకేం తెలుసు?"

"పేర్లు కొయ్యకుండా ఎందుకిచ్చావు?"

"ఒరిజినల్ కావాలన్నారు."

"జానపదానికి పోలీసు వ్యానెందుకురా?"

"అనితా, ఆవేశపడకు. పాడ్‌కాస్ట్ బతకాలి కదా!"

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. మూడేళ్ళు ఉత్తరాంధ్ర గొంతు అని మురిసిపోయాం. ఆ గొంతునే పిసికి అమ్ముకున్నాడు. నాకు వాడి మీద ఎంత అసహ్యం వేసిందో, నా మీద నాకూ అంతే వేసింది.

మొదటి బస్సుకి పేటకి వెళ్ళాను. వల ఆరేసే చోట ఆడవాళ్ళంతా చేరి ఉన్నారు. జగ్గమ్మ నన్ను చూడగానే లేచింది.

"ఇంకా ఏటి మిగిలినాదని వచ్చినావే?"

నేను జరిగినదంతా చెప్పాను. ఎవరూ ఓదార్చలేదు, ఓదార్చాల్సిన పనీ లేదు. మిగిలిన మగవాళ్ళు దాక్కోవాలని కొందరు, ప్లీడరుని పట్టాలని కొందరు వాదించుకున్నారు. దానమ్మ చాలాసేపు విని చీర కొంగు బిగించింది.

"తాడు పట్టినోళ్ళనే రాసినారు. ఇసక మీద సేపలు ఏరినోళ్ళం, బుట్టలు మోసినోళ్ళం మనం కామేటి? ఆ ఇసక మనది కాదేటి? మన పేర్లు కూడా రాయమని అడుగుదాం, నడండి."

స్టేషను ముందు రెండొందల మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. ఎస్సై బయటికొచ్చాడు.

"కేసులో మీ పేర్లు లేవు. పొండమ్మా!"

"అదే అడగడానికొచ్చినాం. ఎందుకు నేవు? రాయండి. దానమ్మ."

"జగ్గమ్మ!"

"తాతమ్మ. నా మొగుడి పేరు రాసినారు కదా, పక్కన నాది కూడా రాయండి!"

నేను రికార్డరు పట్టుకుని ఓ పక్కన నిలబడ్డాను. దానమ్మ నా వైపు తిరిగింది.

"మా మాటలు పట్టుకుపోడానికొచ్చినావా, మాతో కూసోడానికొచ్చినావా?"

నేను వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. "అనిత. ఊరు రాజాం. వీళ్ళ గొంతులు రికార్డు చేసింది నేను. నమ్మించి మోసం చేసింది మేం. రాసుకోండి."

ఎస్సై, పేర్లు రాసుకుంటున్న కానిస్టేబుల్ చేతిలో కాగితం లాక్కుని, జీపు తెమ్మని అరిచాడు.

వెనక కూర్చున్న ఆడవాళ్ళలోంచి యమున గొంతు లేచింది. "జీపు సరిపోదు బాబూ, బస్సులు తెప్పించండి. మా పేట ఇంకా దార్లోనే ఉన్నాది!"