మార్తమ్మగారి బిడ్డల పేర్లు

మార్తమ్మగారి జ్ఞాపకార్థ కూడికలో ఆమె జీవిత చరిత్ర చదివే పని మనవరాలు హేమ మీద పడింది. రాజోలు కాలేజీలో పాఠాలు చెప్పే పిల్ల కదా, మైకు ముందు తడబడదని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. ఆ పని నాయనమ్మే ముందుగా తనకి అప్పగించి పోయిందని హేమ ఎవరికీ చెప్పలేదు.

చివరి వారంలో మంచం పక్కన కూర్చోబెట్టుకుని, "నా బిడ్డల పేర్లు చదివేటప్పుడు రూతుని వదిలెయ్యకే" అంది మార్తమ్మ. హేమ సరేనంది. పోయేవాళ్ళకి సరేనడం తేలికే.

ఊడుపులకెళ్ళి పిల్లల్ని చదివించిందనీ, అరవై దాటాక అక్షరాలు నేర్చుకుని బైబిలు చదివిందనీ హేమ అన్నీ రాసింది. పెదనాన్న సత్యానందం రిటైరైన హెడ్మాస్టరు. కాగితమంతా చదివి, ఎర్ర పెన్ను తీసి రూతు పేరొక్కటీ కొట్టేశాడు.

"బుల్లిరాజుగారు వస్తారమ్మా. ఆయన ముందు ఇదెందుకు?"

బుల్లిరాజుగారిది ఊళ్ళో కొబ్బరితోటలున్న కుటుంబం. ఆయన పుట్టిన మూడోరోజున తల్లి పోతే, వాళ్ళ పొలంలో కూలికెళ్ళే మార్తమ్మ చేత పాలిప్పించారు. అప్పటికి ఆమె ఒళ్ళో రెండు నెలల రూతు ఉంది. ఆ పిల్లని మాత్రం తీసుకురావద్దన్నారు. కాదనే ధైర్యం ఆ రోజుల్లో కూలివాళ్ళ పేటలో ఎవరికుంది గనక? పొద్దుగూకి ఇంటికొచ్చేసరికి మార్తమ్మ దగ్గర పాలుండేవి కావు. గంజినీళ్ళు తాగి తాగి ఐదో నెలలో రూతు పోయింది.

పాలు తాగిన సంగతి బుల్లిరాజుగారికి తెలుసు, గొప్పగా చెప్పుకుంటారు కూడా. రూతు సంగతే తెలీదు. "చెప్తే ఏం చేస్తాడు, కక్కేస్తాడా?" అనేది మార్తమ్మ.

"నాకప్పుడు నాలుగేళ్ళు," అన్నాడు సత్యానందం, పెన్ను జేబులో పెట్టుకుంటూ. "ఆ ఏడుపు నాకింకా వినబడుతుంది. అరవయ్యేళ్ళు నోరు మూసుకున్నాను. నువ్వూ మూసుకో."

హేమకి ఒళ్ళు మండింది. వెంటనే భయమూ వేసింది. పేరు చదవమంది సరే, నాయనమ్మ బతికినన్నాళ్ళూ దాచిన సంగతిని ఆమె పేరు చెప్పి బయటపెట్టడం ఏం న్యాయం? పెట్టకపోతే ఆ పిల్లని తలుచుకునే దిక్కెవరు?

కూడికలో ముందు బుల్లిరాజుగారే మాట్లాడారు. మైకు పట్టుకుని ఏడ్చేశారు. "ఆ తల్లి పాలు నేను కడుపునిండా తాగేనండి. ఏ రోజూ నాకు తక్కువ చెయ్యలేదండి," అన్నారు. చర్చిలో అందరూ కళ్ళు తుడుచుకున్నారు. సత్యానందం తల దించుకున్నాడు.

హేమ లేచింది. "మార్తమ్మగారి బిడ్డలు ఆరుగురు," అని మొదలుపెట్టి, పెదనాన్న పేరూ, తన తండ్రి శ్యామ్ సుందర్ పేరూ చదివింది. తర్వాత, "రూతు. ఐదో నెలలో ప్రభువు దగ్గరికి వెళ్ళింది," అంది. ఏ సంవత్సరమో చెప్పలేదు. ఆమెకి చేతనైంది అంతే.

భోజనాల దగ్గర బుల్లిరాజుగారు ప్లేటు పట్టుకుని ఆమెని వెతుక్కుంటూ వచ్చారు.

"రూతు అని ఒకమ్మాయి ఉందని నాకెవరూ చెప్పలేదమ్మా. నాకన్నా పెద్దదా, చిన్నదా?"

చిన్నదండి అనేస్తే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"రెండు నెలలు పెద్దదండి," అంది హేమ.

ఆయన ప్లేటు బల్ల మీద పెట్టేశారు. పెదవులు మెల్లగా కదులుతున్నాయి, నెలలు లెక్కపెట్టుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. ఆ లెక్క ఆపాలని హేమకి గట్టిగా అనిపించింది గానీ ఎలా ఆపాలో తోచలేదు.

"నేను గుమ్మంలోకొస్తే చాలు, మా అబ్బాయొచ్చేడు అనేది," అన్నారాయన. "ఎలా అనగలిగిందమ్మా?"

ఆ మాట హేమ నాయనమ్మని ఎప్పుడూ అడగలేదు.