సున్నం పూసిన అతుకు

హఫీజ్‌పేట రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డులో పడవ కడుతున్నారంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు. కాకినాడ రేవులో పడవలు కట్టి, పాతవి బాగుచేసే యార్డు ఒకటి ఉంది. వాళ్లకు కృష్ణ దాటించే ఇనుప పడవ పని దొరికింది. ఇనుమూ వెల్డర్లూ ఇక్కడే దొరుకుతారని షెడ్డు వేసి, తమ పెద్దమేస్త్రీ బుల్లిబాబును పంపారు. అక్కడ వాచ్‌మన్‌గా చేరిన రాజయ్యకు వెల్డింగ్ నేర్పింది ఆయనే. పడవ చేరాల్సింది రాజయ్య సొంతూరి రేవుకే.

సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులైంది. బంద్ అయినా ఆ రోజు ఇద్దరూ పని ఆపలేదు. అతుకులు పరీక్షించే రోజు అది. అతుకుల మీద బయటి నుంచి సున్నం పూస్తారు. అది ఆరాక లోపలి నుంచి కిరసనాయిలు రాస్తారు. వెంట్రుకవాసి సందున్నా చాలు, నూనె దిగి సున్నం మీద మరక పడుతుంది. నాలుగు గంటలు కాచుకోవాలి.

"ఆ ముక్కు దగ్గర అతుకు నీదే కదరా రాజయ్యా. కారిందంటే మీ ఊరోళ్లే నిన్ను కృష్ణలో తోసేస్తారు," అన్నాడు బుల్లిబాబు.

"కారది మేస్త్రీ. నీ లెక్క మాటలు చెప్పుడు నాకు రాదుగని, అతుకు పెడితే పెట్టినట్టే."

"ఆయ్, చూద్దాం."

మదీనాగూడ వైపు టైర్ల పొగ లేచింది. కాసేపటికి గేటు మీద రాళ్లు పడ్డాయి. మొన్న ఇలాంటి గుంపే ఒక లారీ డ్రైవర్ మాట విని, ఆంధ్రావాడని తేల్చుకుని, దవడ విరగ్గొట్టింది.

"మేస్త్రీ, నీ మాట ఇనవడితే సంపుతరు. దిగు లోపల్కి."

బుల్లిబాబు పడవ ముక్కులోని చిన్న గదిలోకి దిగాడు. రాజయ్య ఇనుప మూత వేసి, పైనుంచి బోల్టు బిగించి దిగివచ్చాడు. గేటు విరిగింది.

పదిహేను మంది దాకా లోపలికి వచ్చారు. ముందున్నవాడు సంతోష్, రాజయ్య అక్క కొడుకు. హైటెక్ సిటీలో అద్దాల మేడకు సెక్యూరిటీ చేస్తాడు.

"ఏంది మామా, ఆంధ్రోని ఇనుముకు కావలుంటున్నవా? ఏడీ నీ మేస్త్రీ?"

"ఊరికి పోయిండు."

"మరి చెప్పులు ఈడ్నే ఉన్నయి?"

నిచ్చెన కింద బుల్లిబాబు తోలు చెప్పులున్నాయి.

"నావే."

"నీ కాళ్లు ఎప్పుడు పెరిగినయి?" గుంపు నవ్వింది. లింగమూర్తి అనే బలిష్ఠుడు వెదురు కర్రతో రాజయ్య భుజం మీద ఒక్కటిచ్చాడు. వెల్డింగ్ మిషన్ పగిలింది, బల్ల విరిగింది. ఎవడో పాతగుడ్డ కడ్డీకి చుట్టి అంటించి సంతోష్ చేతికిచ్చాడు. సంతోష్ నిచ్చెన ఎక్కసాగాడు.

అప్పుడు తగిలింది రాజయ్య ముక్కుకు కిరసనాయిలు వాసన. పొద్దుటి నుంచి అందులోనే ఉన్నాడు కాబట్టి తెలియలేదు. పడవ లోపలంతా నూనె రాసింది తనే. మనిషిని అందులో దించి బోల్టు బిగించిందీ తనే.

నోరు తెరిచాడు. లోపల మనిషున్నాడంటే లాగి చంపుతారు. అనకపోతే కాలిపోతాడు.

"నిప్పొద్దు అల్లుడా! ఇది మన రేవుకు పోయే పడవరా! మీ అవ్వ, మా అక్క దాటే పడవ!"

"ఆంధ్రోని పడవల మా అవ్వ ఎక్కదు."

రాజయ్య నేల మీది సుత్తి అందుకుని నిచ్చెన రెండు మెట్లెక్కి, సంతోష్ మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. కడ్డీ సిమెంటు నేల మీద పడింది. సంతోష్ కిందపడి చెయ్యి పట్టుకుని అరిచాడు. రాజయ్య దూకి, వట్టి కాళ్లతో మంట తొక్కాడు. అరికాలి చర్మం గుడ్డకు అంటుకుంది.

ఆ తర్వాత గుంపు అతని మీద పడింది. కర్రలు, ఇటుకలు, బూట్లు. పళ్లు రెండు రాలాయి, చెవి చీలింది. ముఖం పట్టుకుని పడవ ముక్కుకేసి కొట్టారు. రాజయ్య నిచ్చెన కాలు మాత్రం వదల్లేదు. లోపలి నుంచి చిన్న చప్పుడు కూడా రాలేదు.

"ఇగ ఆపుండ్రి," చివరికి సంతోషే ఏడుస్తూ అన్నాడు. "సచ్చిపోతడు. నన్ను దవాఖానకు తీస్కపోండ్రి." పోతూ పోతూ వెనక్కి తిరిగాడు. "ఇనుము కోసం నా చెయ్యి ఇరగ్గొట్టినవు మామా. యాదుంచుకుంట."



వాళ్లు పట్టాలు దాటేదాకా ఆగి, రాజయ్య మోకాళ్ల మీద నిచ్చెనెక్కి, బోల్టు విప్పాడు. బుల్లిబాబు నూనెలో తడిసి, కళ్లు ఎర్రబడి పైకి వచ్చాడు. రాజయ్యను కిందికి దించి, తన అంగోస్త్రం చింపి తలకు కట్టు కట్టాడు.

"లెగరా, ఆసుపత్రికెళ్దాం."

"మేస్త్రీ, గా మరక చూడు. నూనెనా?"

ముక్కు అతుకు మీద సున్నం ఒకచోట నల్లబడి ఉంది. బుల్లిబాబు వేలితో తుడిచి వాసన చూశాడు.

"కాదెహె. నీ నెత్తురే. అతుకు కారలేదు."

రాజయ్య అతుకు వైపు చూడలేదు. నేల మీది సుత్తినే చూస్తున్నాడు.

"మా అక్కకు ఏం చెప్పాలె మేస్త్రీ?"